గంట మారినా వారం మారకూడదు

విజయనగరం

చిన్నా,

నిన్న రాత్రి మా అప్ప, అదే మీ అమ్మ, ఫోన్ చేసింది. నువ్వు బరువు తగ్గడానికి మౌంజారో అనే వారానికొక్క సూది మందు మొదలుపెట్టావట, మూడో సూది వేసుకున్నావో లేదో నీకే గుర్తులేదట. తనకి ఒకటే గాబరా. ఫోన్లో చెబితే రాత్రి సీ షిఫ్టు చేసొచ్చిన నిద్రమత్తులో సగం వింటావని రాస్తున్నాను. చదివి, ఫ్రిజ్ తలుపుకి అంటించుకో.

ముప్పై ఏళ్లు నర్సు డ్యూటీలు చేశాను. ఈ మందు 2025 మార్చిలో మన దేశానికి వచ్చింది. ఆ ఏడాది చివర్లో మా డాక్టరుగారు నాకూ రాశారు. అప్పటికి రిటైర్మెంటుకి ఇంకా కొన్ని నెలలుంది, నైట్లు తప్పేవి కావు. ఆఫ్ రోజున తీరిగ్గా వేసుకోవచ్చని సూదిని ఆఫ్‌కి ముడిపెట్టాను. మన ఆఫ్‌లు ఒకచోట నిలుస్తాయా? ఒకసారి పది రోజుల ఎడం వచ్చింది. ఆ తర్వాతి ఆఫ్ నాలుగు రోజులకే పడింది. ఆ రాత్రి వార్డులో పేషెంట్లని చూసుకుంటూ నాలుగుసార్లు వాంతి చేసుకున్నాను. మందు చెడ్డది కాదు, నేను వేసుకున్న పద్ధతి చెడ్డది.

తర్వాత నుంచి మంగళవారం పెట్టుకున్నాను. మన ఊరి పైడితల్లమ్మ వారం గనుక నాకు మరుపు రాదు. అమ్మవారి జాతర సిరిమానోత్సవం ఏ తేదీన వచ్చినా మంగళవారమే కదా, అలాగే నీ సూదికీ వారం ఒక్కటే ఉండాలి, ఏ షిఫ్టయినా సరే. గంట గురించి బెంగపడకు. అది రోజులో ఎప్పుడైనా, తిన్నాకైనా తినకముందైనా వేసుకోవచ్చు. ఒంట్లో ఆ మందు సగానికి తగ్గడానికే 5 రోజులు పడుతుంది, నాలుగు గంటలు అటూ ఇటూ అయితే ఏమీ కాదు. పొద్దుటి 'ఏ' షిఫ్టులో ఉంటే ఇంటికొచ్చి స్నానం చేశాక. మధ్యాహ్నం 'బీ' షిఫ్టులో ఉంటే బయల్దేరే ముందు. సీ షిఫ్టులో ఉంటే సాయంత్రం లేచాక, పైడిభీమవరం ప్లాంటు బస్సెక్కేలోపు. వేసుకున్న వెంటనే క్యాలెండర్ మీద ఆ గడిలో పొట్టకి 'పొ', తొడకి 'తొ' అని రాయి. వేశావా లేదా అన్న అనుమానం ఉండదు, ప్రతిసారీ ఒకే చోట పొడవడమూ ఉండదు.

షిఫ్టు మారే రోజుని మాత్రం సూది వారంగా పెట్టుకోకు. ఒకటి రెండు రోజులు కడుపులో తిప్పుతుంది, మొదటి నైటు అసలే కష్టం. రెండూ ఒక్కరోజే మీద పడితే తట్టుకోలేవు.

మరిచిపోతే, 4 రోజుల లోపు గుర్తొస్తే వేసేసుకో. దాటిపోతే ఆ వారానిది వదిలేసి మామూలు రోజున వేసుకో. రెండూ కలిపి ఎప్పుడూ వేసుకోకు. వారమే మార్చాలనుకుంటే రెండు సూదుల మధ్య కనీసం 3 రోజులు ఉండాలి. రెండు మూడు వరసగా తప్పితే మాత్రం నీ అంతట నువ్వు మళ్లీ మొదలుపెట్టకు, డాక్టరుగారిని అడుగు. ఇప్పుడు నీది 2.5 మిల్లీగ్రాములు, నాలుగు వారాలయ్యాక ఆయన 5 చేస్తారు. తొందరగా తగ్గాలని నువ్వే పెంచేసుకోకు నాయనా.

తిండి సంగతి. నైటులో క్యాంటీన్ పూరీ, బజ్జీ ముట్టకు. ఈ మందుతో కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, నూనెది తింటే తెల్లవార్లూ గొంతులోనే ఉంటుంది. ఆకలి లేదని ఏమీ తినకుండా ఉండడం అంతకంటే తప్పు, కొవ్వుతో పాటు కండా పోతుంది. డ్యూటీకి వెళ్లేముందు ముద్ద అన్నం, చేపో గుడ్డో పప్పో గట్టిగా తిను. రాత్రి రెండు గంటలకి రెండు ఉడికించిన గుడ్లు. ఇంటికొచ్చాక చోడి (రాగి) అంబలి పల్చగా తాగి పడుకో. నీళ్ల సీసా చేతిలో ఉండాలి, ప్లాంటు వేడిలో దాహం వేయడం లేదని తాగకపోతే మలబద్ధకం, కళ్లు తిరగడం రెండూ వస్తాయి. సుగర్ మాత్రలేవైనా వాడుతుంటే డాక్టరుగారికి చెప్పే ఉండాలి. రాత్రి మిషను దగ్గర చెమటలు పట్టి చేతులు వణికితే అది సుగర్ పడిపోవడం కావచ్చు, జేబులో గ్లూకోజు పొట్లం పెట్టుకో.

మందు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఐసు గదిలో కాదు. గడ్డకట్టిందంటే పారెయ్యాల్సిందే. నీది ఒక్క డోసు సీసా గనుక 30 డిగ్రీలు దాటని చోట 21 రోజుల వరకు బయట ఉండొచ్చు. కానీ మే నెలలో నీ రేకుల గది 30 దాటకుండా ఉంటుందా? 2018లో తిత్లీ తుపానుకి మనవాళ్లు కరెంటు లేక ఎన్ని రోజులు పడ్డారో మరిచిపోయావా? తుపాను కబురు రాగానే వెడల్పు మూతి ఫ్లాస్కు ఒకటి సిద్ధం చేసుకో. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి అడుగున పెట్టి, సీసాకి తగలకుండా తువ్వాలు అడ్డం వెయ్యి.

పొట్ట పైభాగంలో నొప్పి మొదలై వీపులోకి పాకి తగ్గకుండా ఉంటే షిఫ్టు మధ్యలో ఉన్నా సరే ఆసుపత్రికి పో. గ్యాసని మాత్ర వేసుకుని కూర్చోకు. సూపర్‌వైజరు ఏమంటాడోనని చూడకు.

వచ్చే మంగళవారం సాయంత్రం ఫోన్ చేస్తాను. క్యాలెండర్ మీద ఏం రాశావో చదివి వినిపించాలి.

మీ పిన్ని