నాన్నగారికి లాలాజల పరీక్ష చేయిస్తే సరిపోతుందా?

ఖైనీ నమిలే మీ నాన్నగారి బుగ్గలో తెల్లమచ్చ వచ్చిందని, ముక్క తీసి చేసే బయాప్సీకి ఆయన భయపడుతున్నారని, ఇంట్లోనే ఉమ్మి పట్టి పంపే పరీక్షతో పని జరుగుతుందా అని అడిగారు. ఆ పరీక్షను నేను కొట్టిపారేయను గాని, మన విశాఖ తీరంలో అంతకంటే ముందు జరగవలసినది నోరు తెరిపించి, లైటు వేసి, అంగిలి దాకా చూడడం.

భీమిలిలో మా మేనత్త వయసులో ఉన్నప్పటి నుంచి అడ్డపొగ తాగేది, అంటే చుట్టను వెలిగించిన కొస నోట్లోకి పెట్టుకుని పీల్చేది. నిప్పున్న కొస నోట్లో ఉంటే సముద్రపు గాలికి ఆరదని, చుట్ట చాలాసేపు వస్తుందని ఆమె లెక్క. ఈ అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం గురించి వైద్య పత్రికలో 1957లోనే వ్యాసం వచ్చింది. అయినా ఆమెకు పళ్ళు పీకిన డాక్టర్లెవరూ ఒక్కసారైనా తల పైకెత్తించి చూడలేదు. పళ్ళు తోమించుకోవడానికి వేలకు వేలు చెప్పే క్లినిక్కులకు అంగిలి కనబడకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. చివరికి మా వీధిలో పెట్టిన దంత శిబిరంలో ఒక హౌస్ సర్జన్ అమ్మాయి కట్టుడుపళ్ళు తీయించి టార్చి వేసింది. అంగిలంతా సున్నం పూసినట్టు తెల్లగా ఉంది, దాని మీద ఎర్రటి చుక్కలున్నాయి. అవి లాలాజలం ఊరే చిన్న గ్రంథుల నోళ్ళని ఆ అమ్మాయే చెప్పింది. ఒక పక్కన మాత్రం చుక్కలు లేకుండా పచ్చిగా ఎర్రబారిన చోటు ఉంది. ముక్క తీయాలనగానే, "ఉమ్మమంటే ఎంతైనా ఉమ్ముతాను గాని, కోత నాకొద్దమ్మా, ఏటనుకోకు" అంది మా అత్త.

ఆ భయం ఉన్నవారికే లాలాజల పరీక్ష అక్కరకు రావాలి. పుండును తడిపేది లాలాజలమే కనుక, అక్కడి కణాల ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్లు అందులో కలుస్తాయి. వాపు ఉన్నచోట కణాలు విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-8 అనే ప్రోటీన్ వంటివి నోటి క్యాన్సర్ ఉన్నవారి లాలాజలంలో పెరగడాన్ని పరిశోధకులు 2004 నాటికే చూపారు. ఇబ్బంది ఏమిటంటే, చిగుళ్ళు వాచినా అదే ఇంటర్‌ల్యూకిన్ పెరుగుతుంది, పొగాకు వాడేవారిలో చిగుళ్ళు బాగున్నవారు ఎందరుంటారు? పైగా పరీక్షలో తేడా ఉందని వచ్చినా, ఎక్కడుందో చూడడానికి నోరు తెరవవలసిందే, తేల్చడానికి ముక్క తీయవలసిందే. తేడా లేదని వస్తే ఇంకా ప్రమాదం, ఖైనీ పొట్లానికి అనుమతిపత్రం దొరికినట్టే అనుకుంటారు.

చూపుకున్న విలువకు రుజువు కావాలంటే, తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటా నోళ్ళు చూసిన అధ్యయనం ఉంది. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో ప్రకటించారు. అందులో యంత్రమేమీ లేదు.

మా అత్తకు ముక్క తీశారు, క్యాన్సర్ కాదుగాని కణాల్లో మార్పు మొదలైందన్నారు, చుట్ట మాన్పించారు. మీ నాన్నగారి మచ్చ రెండు వారాలు దాటినా పోకపోతే, కిట్టు కోసం ఎదురుచూడకుండా విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికో (కేజీహెచ్), అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో తీసుకువెళ్ళండి. తిమ్మిరి మందు ఇచ్చాకే ముక్క తీస్తారని ఆయనకు ముందే చెప్పండి.