పాఠకుల ప్రశ్నలు: గుడ్డ బ్యానరు, పల్లీసభ తీర్మానం, సవర బొమ్మ

ప్రశ్న: చెరువులో చెత్త పోయడం మాన్పించాలని మా వీధివాళ్లం ఊరేగింపు తీయబోతున్నాం. చెత్త వద్దని ఫ్లెక్సీ మీద రాయడానికి మనసొప్పలేదు. గుడ్డ మీద రాస్తే రంగు పాకిపోతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ఫ్లెక్సీ వద్దనుకోవడం మంచి పని. అది పాలిస్టర్ అల్లికకు పీవీసీ పట్టించిన సరుకు. కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. 2022 జూలై 1 నుంచి నిషేధం ఉన్నది 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లకే. అంతకన్నా మందమైనవాటిని ఆపాల్సింది కట్టేవాళ్లే.

నూలుపోగు తడిని లాక్కుంటుంది, దాని వెంట రంగూ పాకుతుంది. అందుకే రాసేముందు పోగుల సందులు పూడ్చాలి. కోరా గుడ్డకు మగ్గం గంజి ఉంటుంది కాబట్టి బకెట్ నీళ్లలో గుప్పెడు బట్టల సోడా వేసి అరగంట ఉడకబెట్టి, జాడించి ఆరేయండి. ఈ పని మానేస్తే పైన పూసే జిగురు ఒకచోట పట్టి ఒకచోట పట్టదు. తర్వాత ఆ జిగురు కోసం చింతగింజలు వేయించి, పొట్టు తీసి, పొడి కొట్టండి. లీటరు నీటికి 50 గ్రాముల పొడి సరిపోతుంది. ముందు కాసిని చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న నీళ్లలో పోసి, అరగంట కలుపుతూ ఉడికించాలి. పలుచగా రెండు పూతలు వేయండి, మొదటిది బాగా ఆరాకే రెండోది. గుడ్డ మీద బొమ్మలు వేసే ఒడిశాలోని రఘురాజపురం పట్టచిత్రకారులు ఈ జిగురులోనే సుద్ద కలిపి గుడ్డను గట్టిపరుస్తారు. బ్యానరుకు మాత్రం సుద్ద వద్దు, మడతల్లో పగులుతుంది. జిగురు త్వరగా పులిసిపోతుంది కనుక ఏ రోజుది ఆ రోజే కాచుకోండి.

ఎరుపుకు జాజు (ఎర్రమట్టి రాయి), నలుపుకు దీపపు మసి చాలు. జాజును మెత్తగా నూరి పలుచటి గుడ్డలో వడకట్టాలి. మసి నీళ్లలో కలవక పైకి తేలుతుంది, ముందు చిక్కటి తుమ్మజిగురుతో నూరి ఆ తర్వాతే నీళ్లు చేర్చండి. రెండు రంగులూ గుడ్డకు పట్టడానికి ఒక వంతు తుమ్మజిగురును రెండు వంతుల నీళ్లలో రాత్రంతా నానబెట్టి వాడాలి. ఆరాక రంగు వేలికి అంటితే జిగురు తక్కువైనట్టు, పెచ్చులూడితే ఎక్కువైనట్టు.

అయితే తుమ్మజిగురు వానకు కరిగిపోతుంది. వానాకాలపు ఊరేగింపైతే వెన్న తీసిన పాలను విరగ్గొట్టి, నీరు పిండేసి, ఆ గడ్డ ఐదు వంతులకు తడి సున్నం ఒక వంతు చొప్పున నూరండి. కాసేపటికి జారుగా అవుతుంది, అప్పుడు రంగు కలపాలి. పాలలో వెన్న మిగిలితే పట్టు చెడుతుంది. పసుపు కలపొద్దు, సున్నం తగిలితే ఎర్రబడుతుంది. సున్నం కళ్లకు ప్రమాదం, పిల్లలకు అప్పగించకండి.

ముప్పై అడుగుల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం మూడంగుళాలైనా ఉండాలి. ఒత్తులు కింది వరుసకు తగలకుండా సగం అక్షరమంత ఖాళీ వదలండి. మీ ఊళ్లో తెలుగుతో పాటు ఒడియాలోనూ రాయడం అవసరం. అర్జీ తీసుకునే అధికారి చదవగలగాలి కదా! తేదీ మాత్రం గుడ్డ మీద రాయకండి, చీటీ కుట్టుకుంటే వచ్చే ఏడాదీ అదే బ్యానరు పనికొస్తుంది.

ప్రశ్న: సంత పక్కన చెత్త కాల్చడం గురించి పల్లీసభలో (ఒడిశాలో ఊరి సభ) మాట్లాడితే తల ఊపుతారు, తీర్మానాల పుస్తకంలో మాత్రం ఏమీ ఉండదు.
– యువజన సంఘం సభ్యులు, గుణుపురం దగ్గరి పల్లె

జవాబు: నోటిమాటగా వదిలేయకండి, ముందే కాగితం మీద రాసుకుని వెళ్లండి. ‘చెత్త సమస్య పరిష్కరించాలి’ అని రాస్తే ఎవరి మీదా బాధ్యత పడదు. ఎక్కడ, ఏది ఆపాలి, బదులుగా ఏం పెట్టాలి, ఎవరు, ఏ తేదీలోగా అన్నవి ఉండాలి. తీర్మానాన్ని పుస్తకంలో ఎక్కించాక బయటికి చదివించండి. కుయి, సవర మాట్లాడేవాళ్లుంటే వాళ్ల భాషలోనూ చెప్పించాకే సంతకాలు పెట్టాలి. ఖాళీ పేజీలో సంతకం ఎవరడిగినా పెట్టొద్దు. వేలిముద్ర పక్కన పేరు రాయించి, చివరి వరుస కింద గీత కొట్టించి, పేజీలన్నీ ఫోనులో ఫొటో తీసుకోండి.

నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు కింద ఫారం-ఎ నింపి, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అతికించి అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఊరి సభ ఏం చేయగలదో మీ జిల్లాలోనే చూశాం. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాల విషయాన్ని గ్రామసభల ముందు పెట్టమంది. రాయగడ, కలహండి జిల్లాల్లో సభ జరిగిన 12 ఊళ్లూ తవ్వకం వద్దన్నాయి.

ప్రశ్న: గుడ్డ సంచుల మీద సవర బొమ్మలు అచ్చువేసి అమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: ఆ బొమ్మల్లో ఇడితాల్ అనేవి ఇంటి గోడ మీద ఎర్రమట్టి అలికి, బియ్యప్పిండితో దేవతలకు, పూర్వీకులకు వేసేవి. వాటిని యథాతథంగా సంచికి ఎక్కించడం తగదు. సవర చిత్రకారుల దగ్గరికే వెళ్లి, అమ్మడానికి ఏ బొమ్మ ఇవ్వవచ్చో వాళ్లనే ఎంచమనండి. డబ్బు సంచికి ఇంత అని ముందే రాసుకోండి, సంచి మీద వాళ్ల పేరు వేయండి.