తాతగారి వేట తుపాకీ యాంటిక్ కిందకి వస్తుందా?

సందేహం: మా తాతగారికి 1930ల నాటి ఇంగ్లండ్ తయారీ 375 బోర్ (గొట్టం సైజు) వేట రైఫిల్ ఉండేది, లైసెన్స్ ఆయన పేరు మీదే. ఆయన పోయి ఆరేళ్లయింది, నన్ను పెంచింది ఆయనే. ఈ మధ్య పాత రైఫిళ్ల మీద పిచ్చి పట్టి ప్రూఫ్ మార్కులు (పరీక్షించి తుపాకీ మీద వేసే ముద్రలు), సీరియల్ నెంబర్లు చూసి వయసు, విలువ కట్టడం నేర్చుకుంటున్నాను. ఏటా దసరాకి నూనె పెట్టి పూజ చేస్తాం, బోల్ట్ ఇప్పటికీ వెన్నలా జరుగుతుంది, డబ్బాలో 11 తూటాలు కూడా ఉన్నాయి. చిన్నాన్న మాత్రం నాకూ వాటా ఉందని గొడవ. పాతది కాబట్టి యాంటిక్, లైసెన్స్ అక్కర్లేదని ఒక ఫ్రెండ్ అంటున్నాడు, ఇంకో పాత 303 కూడా ఇప్పిస్తాడట. కలెక్షన్ మొదలుపెట్టొచ్చా?

జవాబు: చిన్నాన్న వాటా సంగతి తర్వాత. ఆ తుపాకీ ఈ రోజు మీ ఇంట్లో ఏ కాగితం మీద ఉంది? ఏ కాగితం మీదా లేదు. లైసెన్స్ మనిషికి ఇస్తారు, ఇంటికి కాదు, ఆయనతోనే అది అయిపోయింది. ఆరేళ్లుగా మీ దగ్గర ఉన్నది లైసెన్స్ లేని ఆయుధం, అంతే.

యాంటిక్ మాటకొస్తే ఆయుధాల చట్టం 1959 సెక్షన్ 45లో మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ పాత మోడలో, పురాతన విలువ ఉన్నదో అయితే చాలదు, అది రిపేరు చేసినా చేయకపోయినా పేలే స్థితిలో ఉండకూడదు. మీరేమో బోల్ట్ వెన్నలా జరుగుతుందని మీ చేత్తో మీరే రాసిచ్చారు. ఇంకేం వాదిస్తాం చెప్పండి? తూటాలకైతే ఆ మినహాయింపు అసలు లేదు. 2020లో సవరించిన ఆయుధాల రూల్స్‌లో క్యూరియో (అపురూపమైన పాత వస్తువు) ఆయుధాలకి కొంత సడలింపు ఇచ్చారు, అక్కడ కూడా వాడాలన్నా బయటికి తీసుకెళ్లాలన్నా లైసెన్స్ కావాలి, పైగా మీది ఆ కోవలోకి వస్తుందని ఫ్రెండ్ చెబితే సరిపోదు.

ఆరేళ్లు గడిచాయి కదా, లిమిటేషన్, అంటే కేసు పెట్టే గడువు, దాటిపోయిందనుకోకండి. 2019 సవరణ తర్వాత దీనికి శిక్ష 2 నుంచి 5 ఏళ్లు, మూడేళ్లకి మించిన శిక్ష ఉన్న నేరాలకి కాలపరిమితి వర్తించదు. అయినా తుపాకీ మీ బీరువాలో ఉన్నన్నాళ్లూ నేరం రోజూ కొత్తగానే జరుగుతున్నట్టు లెక్క.

ఇక్కడే చాలామంది తెలివి చూపిస్తారు, మెకానిక్ దగ్గర బారెల్‌కి రంధ్రం కొట్టించడం, నెంబర్ గీకించడం, లేదా వాట్సాప్‌లో ఎవరికో అమ్మేయడం. ఒక్కటి కూడా చేయకండి. సెక్షన్ 8 ప్రకారం నెంబర్ చెరిగిన తుపాకీ ఎవరి దగ్గర దొరికితే వాళ్లే చెరిపినట్టు కోర్టు ముందే అనుకుంటుంది, కాదని మీరే నిరూపించుకోవాలి. లైసెన్స్ లేకుండా అమ్మితే ఇంకా దారుణం, 7 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా. పైగా విలువ కట్టడం నేర్చుకుంటున్నానంటున్నారు కదా, నెంబర్ పోయిన రైఫిల్‌ని పాత తుపాకులు సేకరించేవాడెవడు ముట్టుకుంటాడు? ఇక ఆ 303 ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు జనానికి నిషేధించిన సైజు, దాని లైసెన్స్ జిల్లా కలెక్టర్ చేతిలో కూడా ఉండదు, కేంద్ర హోం శాఖ ఇవ్వాలి. దాని దరిదాపులకి వెళ్లొద్దు.

ఇప్పుడు చేయాల్సింది. తాతగారి లైసెన్స్ పుస్తకం వెతకండి, దొరక్కపోతే అది ఇచ్చిన ఆఫీసు రిజిస్టర్‌లో ఎంట్రీ ఉంటుంది, కాపీకి అర్జీ పెట్టండి. మీ లాయర్ ద్వారా స్టేషన్‌కి లెటర్ ఇచ్చి, వాళ్లు చెప్పిన పద్ధతిలో డిపాజిట్ చేయండి, కార్ డిక్కీలో వేసుకుని మీరే బయల్దేరకండి, దారిలో చెక్ చేస్తే అప్పగించడానికే వెళ్తున్నానంటే ఎవరూ నమ్మరు. రసీదులో సీరియల్ నెంబర్, 11 తూటాలు అని స్పష్టంగా రాయించుకోండి. మీ మీద కేసు నడపాలంటే సెక్షన్ 39 ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి, సోదాకి రాకముందే మీ అంతట మీరు అప్పగించారన్నది అక్కడ పనికొస్తుంది, గ్యారంటీ మాత్రం ఇవ్వలేను. ఆ తర్వాత డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పెట్టి వారసుడి కోటాలో లైసెన్స్‌కి అప్లై చేయండి. మిగతా వారసుల నో అబ్జెక్షన్ కావాలి, అందులో చిన్నాన్న సంతకం కూడా ఉండాలి, కాబట్టి ఆయనతో గొడవ ఈ వారమే ఆపండి.

లైసెన్స్ వచ్చినా వారసత్వంగా వచ్చినవి కలుపుకుని మనిషికి రెండే తుపాకులు, కలెక్షన్ అన్నారు కదా, అది అంతవరకే. చూసి నేర్చుకోవాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీ ఉంది, టికెట్ కొంటే చాలు.