బి.ఆప్టమ్ పట్టాతో అమెరికా ఆప్టోమెట్రీ కాలేజీకి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: హైదరాబాద్‌లో నాలుగేళ్ల బి.ఆప్టమ్ (కంటి పరీక్షలు, అద్దాల చదువు అయిన ఆప్టోమెట్రీలో డిగ్రీ) చేసి ఆరేళ్లు కంటి ఆసుపత్రిలో పనిచేశాను. పెళ్లయ్యాక హెచ్-4 (భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడే) వీసా మీద టెక్సస్ వచ్చాను. ఇక్కడ లైసెన్స్ పరీక్ష నేరుగా రాయవచ్చా అండీ?
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో

జవాబు: రాయడానికి వీల్లేదు. అమెరికాలో ఏ రాష్ట్రంలో లైసెన్స్ కావాలన్నా ఎన్‌బీఈఓ అనే ఆప్టోమెట్రీ పరీక్షల బోర్డు వారి మూడు భాగాల పరీక్ష గట్టెక్కాలి. మొదటి రెండు కంప్యూటర్ మీద. మూడోది చేత్తో చేసి చూపించే పరీక్ష, దానికి నార్త్ కరోలినాలోని షార్లెట్‌కు వెళ్లాలి. ఆప్టోమెట్రీ కాలేజీలకు గుర్తింపునిచ్చే ఏసీఓఈ ఒప్పుకున్న కాలేజీలో చదువుతున్నవాళ్లనూ, అక్కడ ఓడీ (డాక్టర్ ఆఫ్ ఆప్టోమెట్రీ) డిగ్రీ చేసినవాళ్లనూ మాత్రమే వీటికి కూర్చోనిస్తారు. మన దేశంలో ఏ కాలేజీకీ ఆ గుర్తింపు లేదు. కాబట్టి మీ ఆరేళ్ల అనుభవం సీటు తెచ్చుకోవడానికి బలమే గానీ, లైసెన్స్ పరీక్షకు మాత్రం పనికిరాదు.

మీ ముందున్నవి రెండు దారులు. ఒకటి, అందరిలాగే నాలుగేళ్ల ఓడీ. టెక్సస్‌లోనే రెండు కాలేజీలున్నాయి: యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌లో ఒకటి, శాన్ ఆంటోనియోలో రోజెన్‌బర్గ్ స్కూల్. రెండో దారి అడ్వాన్స్‌డ్ స్టాండింగ్. విదేశాల్లో ఆప్టోమెట్రీ గానీ నేత్ర వైద్యం గానీ చదివినవారికి మొదటి సంవత్సరాల పాఠాల్లో కొన్ని మినహాయించి, చదువును రెండేళ్ల పైచిలుకుకు కుదిస్తారు. బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ కాలేజ్ ఆఫ్ ఆప్టోమెట్రీ ఇందుకు పేరున్న చోటు. సీట్లు తక్కువ, ఊరు మారాలి, పైగా ఎక్కువ పాఠాన్ని తక్కువ కాలంలో మింగాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో అది మామూలు మాట కాదు. అయినా ఈ దారిలో డబ్బు, కాలం రెండూ కలిసొస్తాయి కాబట్టి రెండింటికీ దరఖాస్తు పెట్టండి.

వీసా సంగతి. హెచ్-4 మీద పూర్తికాలం చదువుకోవచ్చు, విద్యార్థి వీసా అయిన ఎఫ్-1కు మారాలన్న నియమం లేదు. కానీ మీవారి ఉద్యోగం పోతే మీ హోదా కూడా దానితోపాటే పోతుంది. చదువు పూర్తయ్యాక దొరికే ఏడాది ఓపీటీ, అంటే ఆ రంగంలో పనిచేసే అనుమతి, ఎఫ్-1 వారికే. అందుకే ఆఖరి సంవత్సరానికి ముందే మారే విషయం ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడి పెట్టుకోవడం మేలు.

ప్రశ్న: వచ్చే ఏడాది దరఖాస్తు పెడదామనుకుంటున్నాను. మార్కుల మెమోలు, ప్రొవిజనల్, ఒరిజినల్ డిగ్రీ అన్నీ చేతిలో ఉన్నాయి. ఇంకేం కావాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: చేతిలో ఉన్నవి చాలవు. ఏడాది వృథా అయ్యేది ప్రవేశ పరీక్ష దగ్గర కంటే ఎక్కువగా ఇక్కడే.

దరఖాస్తులన్నీ ఆప్టమ్‌క్యాస్ అనే ఒకే కేంద్రం ద్వారా వెళ్తాయి. అది జూన్ చివర, జూలై మొదట్లో తెరుచుకుంటుంది. క్లాసులు మరుసటి ఏడాది ఆగస్టులో. చాలా కాలేజీలు వచ్చిన దరఖాస్తును వచ్చినట్టే చూసి సీట్లు ఇచ్చేస్తుంటాయి. గడువు వసంతకాలం దాకా ఉందని నింపాదిగా కూర్చుంటే, మీ ఫైలు చేరేసరికి సగం క్లాసు నిండిపోయి ఉంటుంది. సెప్టెంబరుకల్లా అన్నీ చేరేలా లెక్క వేసుకుని, జనవరిలోనే పని మొదలుపెట్టండి.

మొదటి పని క్రెడెన్షియల్ ఇవాల్యుయేషన్, అంటే డబ్ల్యూఈఎస్, ఈసీఈ లాంటి సంస్థలు మన మార్కులను అమెరికా క్రెడిట్లలోకి, గ్రేడ్లలోకి మార్చి ఇచ్చే నివేదిక. ఇందులో రెండు రకాలుంటాయి. చౌకగా వచ్చే డాక్యుమెంట్ బై డాక్యుమెంట్ నివేదిక మీకు ఫలానా డిగ్రీ ఉందని మాత్రమే చెబుతుంది. మీకు కావలసింది ఒక్కో సబ్జెక్టుకు క్రెడిట్లు, గ్రేడు చూపించే కోర్స్ బై కోర్స్. మొదటిది కొనేసి, మళ్లీ డబ్బు కట్టినవాళ్లు చాలామంది. డబ్బు కట్టేముందు మీరు ఎంచుకున్న కాలేజీలు ఏ సంస్థ నివేదికను ఒప్పుకుంటాయో కూడా చూసుకోండి.

మార్కుల జాబితాలు యూనివర్సిటీ పరీక్షల విభాగం నుంచి ఆ సంస్థకు నేరుగా వెళ్లాలి. కాగితాల రూపంలో అయితే కవరు అతుకు మీదుగా సీలు, సంతకం పడాలి, కవరు మీద మీ రిఫరెన్స్ నంబరు ఉండాలి. ఒకవేళ ఆ కవరు మీ చేతికే ఇచ్చినా, చూద్దామని విప్పారో, అది చెల్లదు. యూనివర్సిటీ చుట్టూ తిరగడానికి రెండు మూడు నెలలు పక్కన పెట్టుకోండి. ఇప్పటికే విదేశంలో ఉంటే, ఇంట్లో ఒకరికి అధికార పత్రం రాసిచ్చి పంపండి.

పనిలో పనిగా మరో రెండు కాగితాలు తీసుకోండి. ఒకటి ఇంటర్న్‌షిప్ పూర్తిచేసిన సర్టిఫికెట్. ఇంటర్న్‌షిప్ జరిగే నాలుగో ఏడాదికి మార్కుల మెమో లేకపోతే మీ డిగ్రీ మూడేళ్లదిగా కనిపించే ప్రమాదం ఉంది. రెండోది సబ్జెక్టులవారీగా థియరీ గంటలు, ప్రాక్టికల్ గంటలు విడివిడిగా చూపించే సిలబస్, కాలేజీ ముద్రతో. అడ్వాన్స్‌డ్ స్టాండింగ్‌లో ఏది మినహాయించాలో తేల్చేది ఈ సిలబస్సే.

ఇక ప్రీరిక్విజిట్లు, అంటే చేరేముందే చదివి ఉండాల్సిన సబ్జెక్టులు. ల్యాబుతో సహా బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, మైక్రోబయాలజీ. ఇవి కాక బయోకెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, కాలిక్యులస్, సైకాలజీ, ఇంగ్లిష్. కాలేజీకీ కాలేజీకీ జాబితా కొద్దిగా మారుతుంది. మన బి.ఆప్టమ్‌లో అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ ఎలాగూ ఉంటాయి. జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ మాత్రం ఇంటర్ బైపీసీలోనే అయిపోయి ఉంటాయి. ఇంటర్‌ను వాళ్లు హైస్కూల్‌గా లెక్కేస్తారు కాబట్టి అందులో మీకు వందకి వంద వచ్చినా అది లెక్కలోకి రాదు. కాలిక్యులస్ సంగతీ అంతే, బైపీసీ వాళ్లు దాని మొహమే చూసి ఉండరు. ఈ లోటును అమెరికా చేరాక కమ్యూనిటీ కాలేజీలో పూడ్చుకోవడం చవక. ఆన్‌లైన్ ల్యాబును చాలాచోట్ల ఒప్పుకోరు, కట్టేముందే అడిగి జవాబు ఈమెయిల్‌లో రాయించుకోండి. గ్రేడు సి కంటే తగ్గితే ఆ కోర్సు మళ్లీ చేయాల్సిందే.

చివరగా పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, డిగ్రీలో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ: ఇది మనవాళ్ల ఇళ్లలో రోజూ చూసేదే. సర్‌నేమ్ ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో పేరంతా సర్‌నేమ్ గడిలో పడి, అసలు పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (పేరు తెలియదు) అని వస్తుంది. అప్పుడు దరఖాస్తులో ఒక పేరు, పరీక్ష హాల్లో ఒక పేరు, నివేదికలో మరో పేరు అవుతాయి. అన్నిటికంటే ముందు పాస్‌పోర్టు సరిచేయించి, అందులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అన్నిచోట్లా అలాగే రాయండి. ఆప్టమ్‌క్యాస్‌లో పాత పేర్లు రాసే గడి ఉంటుంది, దాన్ని వదలకండి.

ప్రశ్న: ఆప్టోమెట్రీ కాలేజీల ప్రవేశ పరీక్ష ఓఏటీ కష్టమా? కోచింగ్ తీసుకోవాలా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: నాచురల్ సైన్సెస్‌లో 90 నిమిషాలకు 100 ప్రశ్నలు: బయాలజీ 40, జనరల్ కెమిస్ట్రీ 30, ఆర్గానిక్ 30. ఆ తర్వాత రీడింగ్, మధ్యలో విరామం, ఫిజిక్స్ 40 ప్రశ్నలు, లెక్కలు 40 ప్రశ్నలు. స్కోరు 200 నుంచి 400 దాకా, 300 అంటే మధ్యస్థం.

మనవాళ్లు బోల్తాపడేది ఫిజిక్స్‌లో. కటకాలు, ప్రిజాలు రోజూ చేతిలో ఆడేవే కదా అని ధీమాగా వెళ్తారు. ఆ 40లో కాంతికి వచ్చేది కొద్దిపాటి వాటా. మిగతాదంతా బలాలు, భ్రమణం, ద్రవాలు, ఉష్ణం, విద్యుత్తు. ఆర్గానిక్ కూడా కొత్తగా నేర్చుకోవాల్సిందే. తప్పు జవాబుకు మార్కులు కోయరు, నీట్ అలవాటుతో గడులు ఖాళీగా వదలొద్దు. పైన చెప్పిన కోర్సులు చేస్తూ నాలుగైదు నెలలు చదివితే కోచింగ్ అక్కర్లేదు. కొన్ని కాలేజీలు ఓఏటీకి బదులు జీఆర్‌ఈ కూడా తీసుకుంటాయి.

ప్రశ్న: రెండేళ్ల ఆప్తాల్మిక్ అసిస్టెంట్ డిప్లొమాతో పీహెచ్‌సీలో పనిచేస్తున్నాను. నాకు అవకాశం ఉందా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఈ డిప్లొమాతో లేదు. ముందు డిగ్రీ కావాలి. డిప్లొమా ఉన్నవారిని నేరుగా రెండో ఏడాదిలో చేర్చుకునే లేటరల్ ఎంట్రీ బి.ఆప్టమ్ అయితే, చేరేముందే ఏయే సంవత్సరాల మార్కుల మెమోలు ఇస్తారో అడగండి. మొదటి ఏడాది మెమో లేని డిగ్రీతో ఇవాల్యుయేషన్‌లో తిప్పలు తప్పవు.

ప్రశ్న: స్టేట్‌మెంట్‌లో, ఇంటర్వ్యూలో మా అనుభవాన్ని ఎలా చెప్పుకోవాలి?
– ఒక పాఠకురాలు, అట్లాంటా

జవాబు: స్టేట్‌మెంట్, అంటే దరఖాస్తుతో పెట్టే మీ గురించిన వ్యాసానికి, ఖాళీలతో కలిపి 4,500 అక్షరాలే. తాతగారి శుక్లం ఆపరేషన్‌తో మొదలుపెట్టే వ్యాసాలు వాళ్ల దగ్గర బస్తాలకొద్దీ ఉంటాయి. మీరు చేసిన పని రాయండి. 2018 ఆగస్టు 15న మొదలైన తెలంగాణ కంటి వెలుగు శిబిరాల్లో పనిచేసి ఉంటే, అది రాష్ట్రవ్యాప్తంగా ఊరూరా జరిగిన ఉచిత కంటి పరీక్షల కార్యక్రమమని ఒక్క వాక్యంలో చెప్పి, రోజుకు ఎంతమందిని చూశారో, ఎవరిని పైఆసుపత్రికి పంపారో, ఎందుకు పంపారో రాయండి. అన్నీ వచ్చిన మీరు మళ్లీ చదువుకు ఎందుకు కూర్చుంటున్నారన్న ప్రశ్నకు కూడా జవాబు అందులోనే ఉండాలి. మందులు రాసే అధికారం, గ్లకోమా రోగిని సొంతంగా చూసుకునే బాధ్యత అని సూటిగా చెప్పొచ్చు.

సిఫారసు లేఖల్లో ఒకటైనా ఆప్టోమెట్రిస్టుది ఉండాలని చాలా కాలేజీలు అడుగుతాయి. అక్కడి ఓడీ చేసిన ఆప్టోమెట్రిస్టు దగ్గర కొన్నాళ్లు ఊరికే పక్కన నిలబడి చూసి, ఆయన చేత లేఖ రాయించుకుంటే విలువెక్కువ. పని అనుమతి కార్డు అయిన ఈఏడీ లేకుండా జీతం మాత్రం తీసుకోకూడదు.

ఇంటర్వ్యూకు ముందు రాతభాష మార్చుకోండి. చూపు కొలతలో మన 6/12 వాళ్లకు 20/40, మన 6/60 వాళ్లకు 20/200. అద్దాల పవరు రాసేటప్పుడు సిలిండర్‌ను అక్కడి ఆప్టోమెట్రీ అంతా మైనస్ గుర్తుతోనే రాస్తుంది. ప్లస్‌లో రాసే ఆసుపత్రి నుంచి వచ్చినవారైతే, +1.00 / +0.50 × 90 చూడగానే +1.50 / −0.50 × 180 అని నోటికి రావాలి. స్ఫియర్‌కు సిలిండర్ కలపడం, సిలిండర్ గుర్తు తిప్పడం, యాక్సిస్‌ను 90 జరపడం, అంతే. ఇలాంటి చిన్నదాని దగ్గర తడబడితే ఆరేళ్ల అనుభవం మీద అనుమానం వస్తుంది.

ప్రశ్న: మా ఆవిడ ఎమ్మెస్ ఆప్తాల్మాలజీ. అమెరికాలో రెసిడెన్సీకి ప్రయత్నించాలా, ఆప్టోమెట్రీ చేయాలా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: ఆపరేషన్ చేయకుండా ఆవిడ ఉండగలరా అన్నది ముందు తేల్చుకోండి. ఉండలేనంటే యూఎస్‌ఎమ్‌ఎల్‌ఈ (అమెరికా వైద్యుల లైసెన్స్ పరీక్ష), రెసిడెన్సీ తప్ప దారి లేదు. విదేశీ వైద్యులకు ఆప్తాల్మాలజీ సీటు రావడం మాత్రం బహు కష్టం. క్లినిక్ చాలంటే అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ ఆవిడకు బాగా నప్పుతుంది. రిఫ్రాక్షన్, కాంటాక్ట్ లెన్సులు, బైనాక్యులర్ విజన్ మాత్రం కొత్తగా కూర్చుని నేర్చుకోవాలి. ఆసుపత్రిలో ఆ పని ఆప్టోమెట్రిస్టులకు వదిలేసి ఉంటారు కదా! ఖర్చు సంగతికొస్తే, చాలా ప్రైవేటు కాలేజీల్లో ఏడాది ఫీజే 40 వేల డాలర్లు దాటుతుంది.

ప్రశ్న: కెనడా సులువని విన్నాం. నిజమేనా?
– ఒక పాఠకురాలు, బ్రాంప్టన్

జవాబు: సులువు కాదు, దారి వేరు. ముందు ఫొరాక్ అనే సంస్థ మీ చదువు కాగితాలు పరిశీలిస్తుంది. అక్కడ ఒప్పుకుంటే ఐజీఓఈఈ అనే మదింపు పరీక్ష. బ్రిడ్జి చదువు అవసరమా, ఎంత అన్నది ఆ స్కోరును బట్టి. చివరగా లైసెన్స్ కోసం ఓఈబీసీ అనే పరీక్షల బోర్డు వారి రాతపరీక్ష, చేసి చూపించే ఓస్కీ పరీక్ష. దేశం మొత్తానికి ఆప్టోమెట్రీ కాలేజీలు రెండే. వాటర్లూలో ఇంగ్లిష్, మాంట్రియల్‌లో ఫ్రెంచ్. ఫొరాక్‌కు పంపే కాగితాలకూ సీలు కవర్ల తతంగం ఉంటుంది కాబట్టి, వరంగల్ పాఠకుడికి చెప్పిన పనులన్నీ మీకూ వర్తిస్తాయి, పాస్‌పోర్టులో పేరుతో సహా.