హెడ్‌లైట్ విప్పి, లోపల నల్లరంగు వేసి, మళ్లీ సీల్ చేయడం ఇంట్లో అయ్యే పనేనా?

అవుతుంది. నేనూ మా బావమరిదీ మా పాత స్విఫ్ట్‌కి ఇంటి దగ్గరే చేసుకున్నాం. విప్పడానికి పెద్ద నైపుణ్యం అక్కర్లేదు. తిరిగి సీల్ చేయడంలోనే ఉంది పనంతా.

మీరు రెండు సంగతులు కలిపి అడిగారు: వానాకాలంలో లోపల చెమ్మ పడుతోందని, ఎలాగూ విప్పుతాం కాబట్టి లోపల మెరిసే క్రోమ్ ఫ్రేముని నల్లగా చేసేద్దామని. చెమ్మ ఒక్కటే సమస్యయితే ఇంకా విప్పకండి. ముందు వెనకవైపు బల్బు చుట్టూ ఉండే రబ్బరు టోపీ చూడండి. బల్బు మార్చినప్పుడు దాన్ని సరిగ్గా కూర్చోబెట్టకపోయినా, రబ్బరు పగిలినా నీళ్లు అక్కడి నుంచే వెళ్తాయి. ప్రతి హెడ్‌లైట్‌కీ గాలి ఆడడానికి చిన్న వెంట్లు కూడా ఉంటాయి. వాటికి మట్టి పట్టినా ఇదే గొడవ. పొద్దున పల్చగా మంచు పట్టి, లైటు వేసిన కాసేపటికి పోతే అది మామూలే. అడుగున నీటి చుక్కలు నిలిస్తేనే లీకు. అలాగే పసుపెక్కిన అద్దం కోసం విప్పనే వద్దు. ఆ పాడు బయటివైపుది, ఎండకు పైపూత పోవడం వల్ల వచ్చింది. 800, 1500, 2000 నంబర్ల నీటి పేపర్లతో (తడిపి రుద్దే ఉప్పుకాగితం) రుద్ది, పాలిష్ పట్టి, పైన ఎండను ఆపే పారదర్శక పూత, అంటే యూవీ క్లియర్ కోటు కొడితే చాలు.

ఇవన్నీ చూశాక కూడా విప్పాలనే అనుకుంటే, ముందు మీ లైటుకు ఏ సీలెంట్ (అద్దాన్ని వెనక డొక్కుకు అతికించే జిగురు) ఉందో తేల్చుకోండి. అంచులో సూది గుచ్చండి. నల్లగా, జిగటగా ఉండి గుంట అలాగే నిలిస్తే అది బ్యూటైల్, వేడికి మెత్తబడుతుంది. గట్టి రబ్బరులా వెనక్కి లేస్తే అది పర్మనెంట్ సీలెంట్. ఎంత వేడి చేసినా వదలదు, కోసి తీయాల్సిందే. అలాంటిది అయితే నేను ముట్టుకోను, మీరూ ముట్టుకోవద్దనే చెబుతాను.

బంపర్ దించే ముందే కారుని చదునైన చోట, గోడకు ఏడెనిమిది మీటర్ల దూరంలో పెట్టి, డిప్ లైటు వేసి, వెలుగు అంచు ఎక్కడ పడుతోందో గోడమీద టేపుతో గుర్తు పెట్టుకోండి. ఎందుకో చివర్లో చెబుతాను. తర్వాత బ్యాటరీ నెగెటివ్ తీసి, లైటు బయటికి తెచ్చి, బల్బులు, రబ్బర్లు, వెలుగు ఎత్తు సర్దే మోటారు ఉంటే అదీ, స్క్రూలు, క్లిప్పులు అన్నీ పీకేయండి. ఒక్క స్క్రూ మర్చిపోయి లాగితే అది బిగించే ప్లాస్టిక్ చెవి విరుగుతుంది.

వేడి సంగతి. విదేశీ వీడియోల్లో వంటింటి ఓవెన్‌లో పెట్టేస్తారు. మన ఇళ్లలోని ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) కారు హెడ్‌లైట్ పట్టదు, పట్టినా ఇంట్లోవాళ్లు ఊరుకోరు. మేము పెద్ద అట్టపెట్టెకు పక్కన కన్నం చేసి, హీట్ గన్ (వేడిగాలి ఊదే పనిముట్టు) తక్కువలో పెట్టి, లోపల థర్మామీటర్ ఉంచాం. గన్ మూతి అట్టకు గానీ లైటుకు గానీ నేరుగా తగలకూడదు, ఒక మనిషి పక్కనే నిలబడాలి. అద్దం పాలీకార్బొనేట్, వెనక డొక్కు చాలా కార్లలో పాలీప్రొపిలీన్. అద్దం కాస్త తట్టుకుంటుంది గానీ డొక్కు వంకర పోతుంది. అందుకే 100 డిగ్రీల దగ్గర ఆగిపోయాం. బ్యూటైల్ మెత్తబడ్డాక ఒక మూల నుంచి, టేపు చుట్టిన స్క్రూడ్రైవర్‌తో మెల్లగా విడదీయండి. అరిసెల పాకంలా తీగలు సాగుతుంది. ఆ తీగ రిఫ్లెక్టర్‌మీద, అంటే బల్బు వెలుగును ముందుకు తిప్పే మెరిసే గిన్నెమీద పడనివ్వద్దు. రిఫ్లెక్టర్‌మీద ఉన్నది ఆవిరి పద్ధతిలో వేసిన పల్చటి అల్యూమినియం పూత. వేలిముద్ర పడ్డా తుడవకండి, తుడిస్తే పూతే లేచిపోతుంది. దుమ్ము ఉంటే కెమెరా బ్లోయర్‌తో ఊదండి, అంతే.

నల్లరంగు చుట్టూ ఉండే ఫ్రేముకే, రిఫ్లెక్టర్‌కి కాదు. పల్చటి కోట్లు వేసి, ఎండలో రోజుల తరబడి ఆరనివ్వండి. వాసన పూర్తిగా పోయేదాకా మూయకండి. లేకపోతే హాలోజన్ వేడికి రంగులోని ఆవిరి లేచి అద్దం లోపల పొరలా పడుతుంది, మళ్లీ విప్పాల్సి వస్తుంది.

ఇక సీలింగ్. అద్దం కూర్చునే గాడిలోని పాత బ్యూటైల్‌లో దుమ్ము చేరకపోతే దానిమీదే కొత్తది వేయొచ్చు. మేమైతే వేడి చేసి మొత్తం గీకేశాం, విసుగు పనే కానీ తర్వాత అనుమానం ఉండదు. కొత్త బ్యూటైల్ తాడు గాడిలో ఖాళీ లేకుండా పరిచి, రెండు కొసలు కలిసే చోటు లైటుకు పైభాగంలో వచ్చేలా చూడండి, నీరు నిలిచేది కిందే కదా. మళ్లీ పెట్టెలో వేడి చేసి, అద్దం నొక్కి, క్లాంపులు బిగించి, వేడి తగ్గకముందే స్క్రూలు ఎక్కించాలి. వెనిగర్ వాసన వచ్చే మామూలు సిలికాన్ మాత్రం వాడకండి. ఆరేటప్పుడు వదిలే ఎసిటిక్ ఆమ్లం ఆ అల్యూమినియం పూతను తినేస్తుంది. పైగా మరోసారి విప్పాలంటే నరకం. చల్లారాక పైపుతో అన్ని వైపుల నుంచి నీళ్లు కొట్టి, ఓ రాత్రి వదిలేసి చూశాకే కారుకు బిగించండి.

ఎలాగూ తెరిచాం కదా అని లోపల ప్రొజెక్టరో (గాజు కటకంతో వెలుగు విసిరే లైటు), ఎల్‌ఈడీ బల్బులో పెట్టాలని చెయ్యి దురద పెడుతుంది. హెచ్4 అనే రకం బల్బుకు చేసిన రిఫ్లెక్టర్ 60/55 వాట్ల హాలోజన్ ఫిలమెంట్ ఉండే చోటును బట్టి గీసింది. అందులో వేరే బల్బు పెడితే వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్లల్లో పడుతుంది. చట్టం కూడా మన వైపు లేదు, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది.

బిగించాక కారుని మళ్లీ అదే గోడ ముందు పెట్టండి. వెలుగు అంచు టేపు గుర్తుకు రాకపోతే వెనక సర్దే స్క్రూ తిప్పి తెచ్చుకోండి. మన దగ్గర ఎడమవైపు నడుపుతాం కాబట్టి డిప్ వెలుగు ఎడమ అంచున కాస్త పైకి లేచి ఉండాలి, కుడివైపు కిందికే ఉండాలి. మీది ఏ మోడలో, సూది గుచ్చితే ఏమైందో రాస్తే ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను.