బెల్ మోగితే చాలు, కర్రలు తలుపు వెనక్కి

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. రెండేళ్ల కిందట ప్రమాదం జరిగి, ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. బయటికి కృత్రిమ కాలుతోనే వెళ్తాను. సాయంత్రానికి నొప్పి మొదలవుతుంది, ఇంటికి రాగానే తీసేసి చంకకర్రలతో తిరుగుతాను. కాలింగ్ బెల్ మోగితే చాలు, అమ్మ ఆ కర్రలు తలుపు వెనక పెట్టేసి 'కాలు తొడుక్కో' అంటుంది. నేనంటే సిగ్గా ఆవిడకి? ఈమధ్య ఎవరైనా వస్తే నేను గదిలోంచి రావడమే మానేశాను.

జవాబు: అమ్మ సంగతికి ముందు ఆ నొప్పి సంగతి చూడాలి. కృత్రిమ కాలు పెట్టుకుని రోజంతా తిరిగేసరికి దాని లోపల ఉండే మీ మిగిలిన కాలు కాస్త సన్నబడుతుంది. ఆ కాలు దూర్చుకునే గిన్నెలాంటి భాగం, అంటే సాకెట్, వదులై, కాలు లోపలికి దిగి, ఎముక దగ్గర ఒరుసుకుంటుంది. అందుకే చాలామంది మధ్యాహ్నానికి ఇంకో స్టంప్ సాక్స్ (సాకెట్ లోపల, మిగిలిన కాలికి వేసుకునే మేజోడు) తొడుక్కుంటారు. కృత్రిమ కాలు తీశాక ఇరవై నిమిషాలైనా చర్మం మీద ఎరుపు తగ్గకపోతే మాత్రం సాకెట్ సరిచేయించాల్సిందే. ఆపరేషన్ తర్వాత మొదటి ఏడాది కాలు ఆకారం బాగా మారుతుంది. అప్పుడు చేయించిన సాకెట్టే ఇంకా వాడుతున్నారా? పుండు పడితే మానేదాకా తొడగకండి, గుమ్మంలో ఎంత పెద్దమనిషి నిలబడ్డా సరే.

ఇక అమ్మ. కాలు తొడుక్కోమనడం ఆవిడ అభిప్రాయం, వినొచ్చు, వినకపోవచ్చు. కర్రలు అందకుండా పెట్టడం అలాంటిది కాదు. అవి లేకపోతే మీరు మంచినీళ్లకైనా లేవలేరు. ఇక్కడ సర్దుకుపోవద్దు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, మామూలు గొంతుతోనే చెప్పండి: "అమ్మా, ఏమైనా అను, నా కర్రలు మాత్రం కదపకు."

సిగ్గేనా అంటే, ఇంత దూరం నుంచి నేను తేల్చలేను. వచ్చినవాళ్ల 'అయ్యో పాపం' ఆవిడకి భయమేమో అనిపిస్తోంది. జరిగిందంతా ఆసుపత్రి వరండాలో ఎంతమందికి చెప్పుకుందో, ఎన్నిసార్లు ఏడ్చిందో! "వాళ్లేమంటారని నీ టెన్షన్?" అని అడిగి చూడండి. ఇద్దరూ కలిసి ఒక జవాబు సిద్ధం చేసుకోవచ్చు. "ఇంటికొచ్చాక కాలు తీసేస్తుందండీ, కూర్చోండి." కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టిందన్నంత తేలిగ్గా.

కృత్రిమ కాలుని పూల డిజైన్‌తో చేయించుకుని చూపించేవాళ్లున్నారు, బట్ట కప్పుకునేవాళ్లున్నారు, అసలు కర్రలే హాయి అనేవాళ్లూ ఉన్నారు. మీరు రోజుకో రకంగా ఉన్నా ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

మీకు బాగా చనువున్న మనిషి వచ్చే రోజు చూసుకుని మొదలుపెట్టండి. బెల్ మోగినా గదిలోకి వెళ్లకండి. కర్రలు కుర్చీకి ఆనించుకుని ముందుగదిలోనే కూర్చోండి.