చిత్రిక, తోపడా, ఒక తాళంకప్ప

సందేహం: పాత ఇనుప చిత్రికలు సేకరించి, తుప్పు వదిలించి మళ్లీ పనికి తేవడం నా హాబీ. వాటి పక్కన పెట్టడానికి తెలుగులో చీటీలు రాస్తున్నాను. ‘పునరుద్ధరించబడిన పురాతన చిత్రిక, 1910 నాటిది’ అని రాస్తే ఒక మిత్రుడు ‘తోపడా’ అనాలన్నాడు. ఇంకొకాయన చిత్రిక అంటే బొమ్మ కదా అన్నారు. పుస్తక సమీక్షల్లో ‘పేదల బతుకును చిత్రిక పట్టిన నవల’ అని నేనూ చదివాను. ఏది సరైంది? చిత్రికలో ఫ్రాగ్ అనే భాగాన్ని ‘కప్ప’ అనొచ్చా?

సమాధానం: ముందు ఆ బొమ్మ సంగతి తేల్చేద్దాం, దాని మీద నాకు చాలాకాలంగా కడుపుమంట ఉంది. చిత్రిక అంటే మీ చేతిలో ఉన్న పనిముట్టే, చిత్రిక పట్టడం అంటే దానితో చెక్క మీది మిట్టలు తీసి నునుపు చేయడం. చిత్రం, చిత్రణ, చిత్రించడం అనే మాటలు వినడానికి దగ్గరగా ఉండేసరికి, వడ్రంగం పని దగ్గర నిలబడి చూడనివాళ్లు ‘చిత్రించడం’ అనడానికి ఇదేదో బరువైన మాట అనుకుని ఒకరిని చూసి ఒకరు వాడేశారు. నేనూ ఒకప్పుడు ఒక సమీక్షలో అలా రాసినవాణ్ణే. అచ్చయ్యాక వడ్రంగం తెలిసిన మిత్రుడొకడు ‘నవలకి పొట్టు ఎంత రాలిందేమిటి?’ అని అడిగాడు, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పేదల బతుకును చిత్రిక పట్టిన నవల అంటే, అసలు అర్థంలో, ఆ బతుకులోని గరుకంతా తీసేసి నున్నగా చేసి చూపించిన నవల అని. పొగడబోయి తిట్టినట్టు. ఇంతమంది రాస్తున్నారు కాబట్టి రేపు నిఘంటువులు ఈ అర్థాన్నీ చేర్చుకుంటాయేమో, నేను మాత్రం రాయను. అనుమానం వస్తే ఆ మాట తీసి ‘నునుపు చేశాడు’ అని పెట్టి చదవండి. ‘ఈ వ్యాసాన్ని ఇంకాస్త చిత్రిక పట్టాలి’ అన్నప్పుడు అర్థం నిలబడుతుంది, ‘పల్లె జీవితాన్ని చిత్రిక పట్టాడు’ అన్నప్పుడు నిలబడదు.

వ్యాసాన్ని చిత్రిక పట్టడం అనేది ఎంత మంచి పోలికో మీలాంటి సేకర్తకే బాగా తెలియాలి. మీ దగ్గర స్టాన్లీ కంపెనీ చిత్రికలు నంబరు 4, నంబరు 7 రెండూ ఉండే ఉంటాయి. నంబరు 4 సుమారు 9 అంగుళాలు, నంబరు 7 ఏకంగా 22. పొట్టిది చెక్క మీది పల్లాల్లోకి కూడా దిగిపోతుంది, ఉన్న ఎగుడుదిగుళ్లనే నునుపు చేస్తుంది. పొడవుది పల్లాలను దాటుకుంటూ మిట్టలనే కోస్తుంది, అవి తెగి మొత్తం చదునయ్యాకే మొదటినుంచి చివరిదాకా తెగని చెక్క పొర వస్తుంది. ఒక్కో మాటా దిద్దుకుంటూ పోతే వాక్యాలు నున్నగానే ఉంటాయి, వ్యాసం మాత్రం ఎగుడుదిగుడుగా మిగులుతుంది. చెక్క నారకు ఎదురు తోస్తే పెచ్చులు లేస్తాయి చూడండి, రచయిత ధోరణికి ఎదురెళ్లి దిద్దే సంపాదకులు చేసేదీ అదే. సరే, దారి తప్పుతున్నాను.

చిత్రికా తోపడానా అంటే రెండూ సరైనవే. తెలంగాణలో కొందరు రందా అంటారు, అదీ తప్పు కాదు, ఉర్దూ నుంచి వచ్చి స్థిరపడిన మాట. (రందాకూ, దిగులు అనే అర్థంలో వాడే రందికీ సంబంధం కలపకండి.) చీటీకి ఏదో ఒకటే ఎంచుకోమంటే నా ఓటు చిత్రికకే, దానికో కారణం ఉంది. తోపడా అనగానే మన చెవికి తోయడం వినిపిస్తుంది. రేపు మీ సేకరణలోకి జపాన్ చిత్రిక ఒకటి వచ్చిందనుకోండి, అక్కడ దాన్ని కన్నా అంటారు, దాన్ని ఒంటివైపుకి లాగుతూ పని చేస్తారు. లాగేదాన్ని తోపడా అని చీటీలో రాయడం కొంచెం ఇబ్బందే. చిత్రికకు ఆ చిక్కు లేదు.

‘పట్టు’ అనే క్రియ మీ హాబీలో ఎన్ని వేషాలు వేస్తుందో గమనించారా? చిత్రికలో చెక్కను కోసే ఉలికి తుప్పు పడుతుంది, అది దానంతటదే జరిగేది. తర్వాత మీరు సాన పడతారు, ఆ తర్వాత చెక్కను చిత్రిక పడతారు, ఈ రెండిటికీ చేసేవాడు కావాలి. పట్టినది కాబట్టి తుప్పును ‘వదిలిస్తారు’. ‘తీసేశాను’ అన్నా తప్పేం లేదు గానీ పట్టు, వదులు జంట మాటలు, దానిలో ఉన్న అందం వేరు. వెనిగర్‌లో నానబెట్టండి, వాషింగ్ సోడా నీళ్లలో కరెంటు పెట్టి లాగండి, ఎలా వదిలించినా వెంటనే తుడిచి ఆరబెట్టి నూనె రాయకపోతే మళ్లీ పట్టుకుంటుంది. మీకు నేను చెప్పాలా!

ఇక ఫ్రాగ్. కప్ప అని అనువదించకండి. తెలుగు ఇనపసామానులో ఇప్పటికే ఒక కప్ప ఉంది, తాళంకప్ప. ‘చిత్రిక కప్ప’ అని చీటీలో రాస్తే చదివేవాళ్లు దానికి తాళం ఎక్కడ వేస్తారా అని వెతుకుతారు. ఇంగ్లీషువాళ్లు ఎందుకో దానికి కప్ప పేరు పెట్టుకున్నారు, ఆ కప్పను మనం మోయనక్కర్లేదు. ఆ భాగం చేసే పని చూడండి. మామూలు బెంచి చిత్రికలో 45 డిగ్రీల వాలున ఉలిని కూర్చోబెట్టుకుంటుంది. మనకు కత్తిపీట ఉండనే ఉంది, కాబట్టి ‘ఉలిపీట’ అంటే ఎవరికైనా బోధపడుతుంది. నేను కల్పించిన మాట అని ఒప్పుకుంటున్నాను, నచ్చకపోతే ఫ్రాగ్ అనే ఉంచుకోండి, అదీ నాకు ఇష్టమే. ఉలి కింద పొర బయటికొచ్చే సందును నోరు అనడానికి అభ్యంతరం లేదు, తినేది ఏదైనా నోరే. చెక్క మీద జారే భాగాన్ని అడుగు అనండి చాలు.

మీ చీటీలో నిజంగా తప్పు ఉన్నది ‘1910 నాటిది’ దగ్గర. ఉలిపీట వెనక, పోత ఇనుము మీద, మూడు పేటెంటు తేదీలు చూసి రాసి ఉంటారు, 1902లో రెండు, 1910లో ఒకటి. చివరిది 1910 ఏప్రిల్ 19 కదా? ఆ మూడు తేదీలున్న స్టాన్లీ చిత్రికలను సేకర్తలు పదకొండో రకం అంటారు, అవి సుమారు 1910 నుంచి 1918 దాకా తయారయ్యాయి. తేదీ చెప్పేది అంతకుముందుది కాదు అని మాత్రమే. ‘నాటి’ అంటే ఆ ఏటిదేనని ఒట్టేసినట్టు. ‘1910 తర్వాతిది’ అనండి.

‘పురాతన’ కూడా ఎక్కువే. వందేళ్ల ఇనుప చిత్రికను పురాతనం అంటే, క్రీ.శ. 79లో అగ్నిపర్వతం కింద పూడిపోయిన పాంపేలో దొరికిన రోమన్ చిత్రికలను ఏమనాలి? అలాగని ఉత్త ‘పాత’ అంటే పక్కన పడేసినదనే వాసన వస్తుంది. ‘పాతకాలపు’ అంటే వయసూ తెలుస్తుంది, విలువా తెలుస్తుంది. పునరుద్ధరణ అనేది గుళ్లకీ చెరువులకీ వదిలేయండి, పైగా ‘పునరుద్ధరించబడిన’లో ఆ ‘బడు’ తెలుగు నోటికి పడదు. మీరు బాగుచేశారు, బాగుచేసిన అని రాయండి. పాత నల్లరంగు, పిడి మీది అరుగుదల అలాగే ఉంచి తుప్పు మాత్రమే వదిలించిన వాటికి ‘శుభ్రం చేసిన’ అని వేరుగా రాస్తే ఇంకా నయం, కొనే సేకర్తలకు ఈ రెండిటికీ చాలా తేడా ఉంది.

ఇంతకీ చీటీ ఇలా ఉంటే సరిపోతుంది: ‘బాగుచేసిన పాతకాలపు ఇనుప చిత్రిక, 1910 తర్వాతిది.’